తాళం వేశానన్న మాట

విచారణ సంఘం వారి సమక్షానికి.

అభియోగం ఎదుర్కొంటున్నవారి పేరు: పనివారంతా పిలిచేది చక్రాల మేస్త్రీ అని. వయస్సు: యాభై ఏడు. నేనెరిగిన కాలం: ఇరవై ఆరేళ్ళు. ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ గోడ ఒక్కటే. ఉత్తరాలకు నకళ్ళు వ్రాసి బ్రతికేవాడిని. యంత్రాల సంగతి నా విద్య కాదు. అయితే మేస్త్రీ భార్యకు మోకాళ్ళు పట్టేసిన నాటి నుంచి మధ్యాహ్నపు క్యారేజీ కర్మాగారానికి తీసుకువెళ్ళేది నేనే గనుక, ఆయన నడిపే, ఇనుము చెక్కే లేతును దగ్గరగా చూశాను.

ఇనుప రజను ఊడ్చే పనికి చేరి, ఆ లేతు దగ్గరే మేస్త్రీ అయ్యారు. తలపై తిరిగే బెల్టు చప్పుడుకు కుడి చెవి పోయింది. పిల్లలు లేరు. అత్తగారు పోయాక చిన్నవాడైన బావమరిదిని ఇంటికి తెచ్చుకుని పెంచారు. పెద్దయ్యాక నూనె వేసే పనిలో తన పక్కనే పెట్టుకున్నారు. పిన్ను జారవిడిస్తే చాలు, “చేతకానివాడా” అనేవారు. “మా అక్కను నీకిచ్చిన రోజే మా ఇంటి తెలివి తేలిపోయింది బావా” అని అతడు తిరిగి అంటించేవాడు. షెడ్డులో రోజూ వినబడే పోరు అది.

లేతును చూడని సభ్యుల కోసం నాలుగు మాటలు. దానికి సొంత మోటారు లేదు. పైకప్పు కింద పొడవాటి ఇరుసు ఒకటి పొద్దస్తమానం తిరుగుతుంది. దాని నుంచి వచ్చే తోలు బెల్టును కొయ్యపిడితో, లేతును తిప్పే పనిచక్రం మీది నుంచి ఊరికే తిరిగే ఉత్తచక్రం మీదికి జరిపితే లేతు ఆగుతుంది. ఆగేది లేతే, బెల్టు తిరుగుతూనే ఉంటుంది. లేతు వెనుక, వేగం తగ్గించి బలం పెంచే పళ్ళ చక్రాల జత ఉంది. వాటికి మూత లేదు, తయారైన నాడే పెట్టలేదు. ఆ జతను కలిపే ముందు ఎదుటివైపు ఉన్న పిన్ను బయటికి లాగాలి. లాగకుండా కలిపితే లేతు మొత్తం బిగుసుకుపోతుంది. కొత్తవారు పొరపాటున చేసే ఆ పనినే, చక్రాల పళ్ళు తుడిచేటప్పుడు అవి కదలకూడదని మేస్త్రీ కావాలని చేసేవారు. దానికి ఆ షెడ్డులో ‘తాళం వేయడం’ అని పేరు.

గత నెలలో ఆ మధ్యాహ్నం నేను క్యారేజీతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. మేస్త్రీ లేతును ఆపి, పనిముట్ల బీరువాకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంటున్నారు. బావమరిది లేతు వెనుక నూనెగుడ్డతో వంగి ఉన్నాడు.

“బావా, తాళం వేశావా?”

“వేశానురా. త్వరగా రా, చల్లారిపోతుంది.”

పళ్ళు కలిసే ఉన్నాయి. పిన్ను మాత్రం బయట ఉంది, అంటే లేతుకు తాళం పడలేదు. వెనుక ఉన్నవానికి అది కనబడదు. కొయ్యపిడి గాడి అరిగిపోయి ఉండడం వల్ల, బెల్టు తనంత తానే పనిచక్రం మీదికి ప్రాకింది. ముందు గుడ్డ, తరువాత వేళ్ళు. ఆ చక్రాలు నెమ్మదిగా తిరిగేవి. అందుకే అది త్వరగా ముగియలేదు. మేస్త్రీ పరుగెత్తి పిడిని లాగేసరికి ముగిసింది. ఆసుపత్రిలో కుడిచేతిని మణికట్టు వరకు తీసేశారు.

తెలివి వచ్చాక బావమరిది అన్న మొదటి మాట: “ఇన్నాళ్ళూ చేతకానివాడా అంటే ఒళ్ళు మండేది బావా. ఇక కాదనడానికి లేదు.” అలవాటు ప్రకారం బావ నవ్వుతారని చూశాడు. మేస్త్రీ లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. మంచం పక్కన అక్క పమిట చెంగు నోట కుక్కుకుని కూర్చుంది. ఆమె ఇప్పుడు తమ్ముడికి అన్నం కలిపి తినిపిస్తుంది, భర్తకు వడ్డిస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడు “తలుపు మూశాను” అంటుంది. తాళం అన్న మాట ఆ ఇంట్లో వినబడడం లేదు.

తాళం వేయకుండానే వేశానని చెప్పి మనిషిని పళ్ళలోకి పంపాడన్నది మేస్త్రీపై అభియోగం; పనిలోంచి తొలగించాలన్నది ప్రతిపాదన. తొలగిస్తే ఆ కుటుంబం ఉంటున్న, కర్మాగారం వారి రెండు గదులూ ఖాళీ చేయాలి. విచారణలో ఆయన “అన్నాను” అని మాత్రమే చెప్పారట. బీరువా సంగతి ఎందుకు దాచారని అడిగాను.

“వాడడిగింది లేతు గురించి, నేను చెప్పింది బీరువా గురించి. ఇప్పుడది చెబితే తప్పించుకుంటున్నట్టుంటుంది బాబాయిగారూ. చెప్తే మాత్రం వాడి చెయ్యి వస్తుందా?”

ఇది వ్రాయమన్నది బావమరిదే. “ఆయన్ని తీసేస్తే నా చెయ్యి ఆయనే తీశాడని ఊరంతా అంటుంది. ఆయనా నమ్మేస్తాడు. రాయండి బాబాయిగారూ, సంతకం చెయ్యలేను గానీ వేలిముద్ర వేస్తాను, ఎడమచేతిది” అన్నాడు. ఆ ముద్ర ఈ కాగితం అడుగున ఉన్నది.

కావున, ‘వేశాను’ అన్న మాట బీరువాను ఉద్దేశించినదని చెవులారా విన్న, కళ్ళారా చూసిన నా సాక్ష్యాన్ని నమోదు చేసి, మేస్త్రీని ఆయన పనిలోనే ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆ లేతు నిన్న కూడా తిరిగింది, వేరొకరు తుడిచారు. పళ్ళపై మూత, పిడికి కొత్త గాడి ఏర్పాటయ్యే వరకు దానిని ఆపి ఉంచవలసిందిగా కూడా, మేస్త్రీ నోరు తెరిచి కోరిన ఒకే ఒక్క కోరికగా, తమకు విన్నవిస్తున్నాను.