సన్యాసిరావు పథ్యం

1997లో నేను చోడవరం ప్రభుత్వాసుపత్రి క్షయ విభాగంలో హెల్త్ విజిటర్‌గా పనిచేసేవాణ్ణి. రోగులకు మాత్రలు అందించడం, రానివారి ఇళ్ళకు వెళ్ళి కారణం కనుక్కోవడం, ప్రతి రోగి బరువునూ కళ్లె పరీక్ష ఫలితాన్నీ కార్డులో నమోదు చేయడం నా విధులు. ముఖ్యమైన కేసుల వివరాలను ఇంటివద్ద విడిగా రాసిపెట్టుకునే అలవాటు ఉన్నందువల్ల, ఈ సంగతిని కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పడం లేదు. పేర్లు మాత్రం మార్చాను.

సన్యాసిరావుది బుచ్చయ్యపేట వైపు పల్లె. చెరకు గానుగల దగ్గర బెల్లం వండేవాడు. మరుగుతున్న పాకం రంగు చూసి పెనం ఎప్పుడు దించాలో చెప్పడంలో అతనికి ఆ చుట్టుపక్కల పేరుండేది. వయసు ముప్పై దాటి ఎంతో కాలేదు. భార్య వరహాలమ్మ భుజం పట్టుకుని మా గదికి వచ్చిన నాడు దగ్గుతూ బల్లమీద కూలబడ్డాడు. కళ్లెలో క్షయ క్రిములు కనబడ్డాయి. నోటిపూత, తగ్గని విరేచనాలు చూసి మా డాక్టరుగారు అతణ్ణి ఎలీసా పరీక్షకు విశాఖపట్నం పంపారు. రక్తంలో హెచ్.ఐ.వి. జాడను పట్టే పరీక్ష అది. జాడ ఉన్నదని ఫలితం వచ్చింది.

అక్కడ అతనికి చెప్పి పంపినది ఒకే మాట: దీనికి మందు లేదు. హెచ్.ఐ.వి. విషయంలో ఆనాటి మా పేదవాడికి అది నిజమే. విదేశాల్లో వస్తున్న మందుల గురించి పత్రికల్లో చదవడమే తప్ప మేము వాటిని చూడలేదు. కాని క్షయకు మందు ఉంది. మా అలమరలోనే, ఉచితంగా ఉంది. ఒంట్లో రెండు రోగాలున్నాయనీ, వాటిలో ఒకటి తప్పక నయమవుతుందనీ విడదీసి చెప్పే తీరిక ఆ పెద్దలకు లేకపోయింది. నేను చెప్పాను.

"రెండయితేటి, ఒకటయితేటి బాబూ. ఒళ్ళు ఒకటే గదా," అన్నాడు సన్యాసిరావు.

మాత్రలు మొదలుపెట్టాము. రెండో నెలలో జ్వరం దిగింది. అడిగి అన్నం పెట్టించుకుంటున్నాడని వరహాలమ్మ చెప్పింది. బరువు పెరిగింది, కళ్లెలో క్రిములు మాయమయ్యాయి. క్షయ చికిత్సలో మేము ఎదురుచూసే మలుపు అది; అయినా ఆ తరువాత కూడా నెలల తరబడి మాత్రలు వాడాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే బంధువొకడు అతణ్ణి అనకాపల్లి రోడ్డులోని ఒక అద్దె ఇంటికి తీసుకువెళ్ళాడు. ఎయిడ్స్‌ను సమూలంగా నయం చేస్తానని గోడలమీద రాయించుకున్న వైద్యుడొకడు వారానికోసారి అక్కడికి వచ్చి పొడి పొట్లాలు ఇచ్చేవాడు. ఆకలి తెప్పించింది మా మాత్రలైతే, పేరు ఆ పొడికి దక్కింది. పొడితోపాటు పథ్యమూ విధించాడు: ఉప్పు, చింతపండు, నీచు, ఇంగ్లీషు మాత్ర తగలకూడదు. మా ప్రాంతంలో పథ్యమంటే మొక్కుబడితో సమానం. రోగం తిరగబెడితే పథ్యం చెడిందంటారు గాని మందును ఎవరూ అనుమానించరు. మోసగాడికి ఇంతకంటే గట్టి కోట దొరకదు.

మాత్రలకు రావడం మానేయడంతో వాళ్ళ ఊరు వెళ్ళాను. సన్యాసిరావు గానుగ దగ్గర పెనం పక్కన కూర్చుని మంట ఎగదొయ్యమనీ తగ్గించమనీ చెబుతున్నాడు. నన్ను చూసి కోపగించుకోలేదు. వేడి పాకం ఆకులో పోయించి ఇచ్చాడు.

"మీ మాత్రలకి ఒంటేలు ఎర్రగా వచ్చీది బాబూ. రగతం కరిగిపోతందని ఆయన సెప్పేరు. మానేసేను, తెల్లగా వస్తంది."

"ఆ ఎరుపు రిఫాంపిసిన్ అనే మాత్ర రంగు. రక్తం కాదు. మొదటిరోజే చెప్పాను కదా."

"సెప్పేరు, కాదన్ను. గానీ రంగు సూసి పాకం సెప్పినోణ్ణి, ఎన్నడూ తప్పలేదు. పొడి పడ్డాకే నా ఒళ్ళు కుదిరింది. మీరు మందు లేదన్నారు, ఆయన ఉందన్నారు. నానెవుల్ని నమ్మాలి, సెప్పండి."

చెరకు అందిస్తున్న ముసలి కూలీ ఒకడు, "డాట్రు బాబుక్కూడా ఓ పొట్లం కట్టియ్యరా సన్నాసీ, నిన్ను సూసి ఒళ్ళు మండిపోతన్నట్టుంది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సన్యాసిరావు నవ్వలేదు.

పొడి మానవద్దనీ, దానితోపాటు మాత్రలూ వేసుకోమనీ బేరం పెట్టాను. పథ్యం చెడుతుందని ఒప్పుకోలేదు. ఆ అనుమతి వైద్యుడి నోటితోనే ఇప్పిద్దామని అద్దె ఇంటికీ వెళ్ళాను. అతను వసారా వైపు చూపించాడు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ కనబడేటట్టు సన్యాసిరావును ముందు బల్లమీద కూర్చోబెట్టి ఉంచాడు. మా మందు కూడగట్టిన ఆ కాస్త కండ ఆ వైద్యుడి వ్యాపారానికి సాక్ష్యం.

ఆ ఏటి గానుగలు ఆగకముందే జ్వరం తిరిగి వచ్చింది. వైద్యుడు నాడి చూసి, వరహాలమ్మవైపు తిరిగి ఉప్పు వేశావా అని అడిగాడట. చప్పిడి కూడు గొంతు దిగడం లేదని భర్త ఏడిస్తే, ఒకపూట అంబలిలో చిటికెడు ఉప్పు వేసిన మాట ఆమె దాచలేదు. ఆ తరువాత సన్యాసిరావు ఆమె చేతి కూడు ముట్టలేదు. భార్యే తనను చంపిందని నమ్ముతూ పోయాడు. మా ఆఫీసు లెక్కలో అతను డిఫాల్టర్, అంటే మందు మధ్యలో మానేసిన రోగి. మాన్పించినవాడికి మా లెక్కల్లో పేరు లేదు.

కర్మకాండలు ముగిశాక వరహాలమ్మ వచ్చింది. "నా సేతి ఉప్పేనా బాబూ?" అని అడిగింది. కాదన్నాను. కార్డు తీసి, బరువు ఎప్పుడు పెరిగిందో, మాత్రలు ఆగాక ఎలా తగ్గిందో చూపించాను. ఆ మాట తన అత్త ముందు చెప్పమంది. వెళ్ళి చెప్పాను. ముసలామె ఓపికగా అంతా విన్నది.

"ఆ పొడి తిన్నోళ్ళు ఇంకా తిరుగుతన్నారు గదా బాబూ. మావోడే ఎందుకు పోయేడు?" అన్నది.

తిరిగి వస్తూ వరహాలమ్మను కూడా రక్తపరీక్ష చేయించుకోమన్నాను.

"ఉందంటే మీరు మందు లేదంటారు. లేదంటే మా అత్త నమ్మదు. ఏటికి బాబూ?" అన్నది.

ఆమె తరువాత రాలేదు. ఆనాటినుంచి ఉద్యోగం విరమించేదాకా నేను ఒక పద్ధతి పాటించాను. రెండు రోగాలున్న మనిషికి నయమయ్యేదాని సంగతి ముందు చెప్పేవాణ్ణి. ఆ ఇంట్లో వండేవాళ్ళను కూడా పిలిచి, తిండిలో తప్పేమీ లేదని అందరూ వినేటట్టు మొదటిరోజే చెప్పేవాణ్ణి. రోగం తిరగబెడితే, ఎందుకు తిరగబెట్టిందో చెప్పే పని మందు ఇచ్చినవాడిది. పొయ్యి దగ్గరున్న మనిషిది కాదు.