దేవుడికి అక్కర్లేని పువ్వు

మొన్న కార్తీక సోమవారం నాడు గుడి మెట్ల దగ్గర ఒకమ్మాయి, పూజకు కొన్న చేమంతుల పొట్లంలో ముఖం పెట్టి గుండెనిండా వాసన పీల్చి, అదే పొట్లం పూజారిగారి చేతికిచ్చింది. దేవుడికిచ్చే పువ్వును ముందు మనం వాసన చూడకూడదని మన చిన్నప్పుడు చెప్పినట్టు, పాపం, ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. నాకు కోపం రావలసింది, రాలేదు. విజయనగరంలో మా మామ్మ పెరడు కళ్ళముందుకొచ్చి ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మామ్మంటే మా నాన్నగారి అమ్మ. తరతరాలుగా గుడికి మాలలు కట్టే ఇల్లు మాది. పెరటినిండా మల్లె, జాజి, సంపెంగ ఉన్నా ఒక్క రేకైనా మా జడల్లోకి వచ్చేది కాదు. పొద్దున్నే మామ్మ కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకుని మరీ పూలు కోసేది. తన చిన్న వయసులోనే తాతయ్య పోవడంతో తలలో పువ్వు పెట్టుకునే యోగమూ లేకపోయింది. అన్ని పూల మధ్య డెబ్బై ఏళ్ళు బతికి, ఒక్కదాన్నీ ముక్కు దగ్గరకు తెచ్చుకోని మనిషి.

నేను గజపతినగరం బడిలో పంతులమ్మగా చేరిన ఏడాది, దసరా సెలవులకు ముందు, మా హెడ్‌మిస్ట్రెస్‌గారు మిరియాల్లాంటి గింజలు గుప్పెడు నా చేతిలో పోసి, ఇవి స్వీట్‌పీ, బఠాణీ జాతే గాని తినకూడదు, వానలు తగ్గాక నాటుకోమన్నారు. నానబెట్టి, ఉబ్బనివాటికి బ్లేడుతో చిన్న గాటు పెట్టి, తూర్పు గోడ వారన పాతి, నాలుగాకులు వేయగానే చిగురు తుంచి, నెల్లిమర్ల జూట్‌మిల్లు పురికొసలు గోడ మీదికి కట్టాను. ఆ తీగలు దారప్పోగుల్లాంటి చేతులు చాచి పురికొసను పట్టుకుని పైకి పాకుతూంటే, బడికెళ్ళే బస్సు సంగతి మరచిపోయి చూస్తూ నిలబడేదాన్ని. గుడికి పనికొస్తే ఉంచుతాను, లేకపోతే పీకేస్తానని మామ్మ మాత్రం ముందే చెప్పేసింది. నాకేమో ఆ తీగంటే ప్రాణం.

పుష్యమాసం చలిలో పూసింది, లేత గులాబీ, ఊదా, తెలుపు. మామ్మ పిలిస్తే పూజారిగారు వచ్చి చూసి, ఇది పూజకు చెప్పిన పువ్వు కాదు, వద్దులెండి అనేసి వెళ్ళిపోయారు. మామ్మ తీగ మొదలు పట్టుకోవడానికి వంగింది.

వంగిన మనిషి అలాగే ఆగిపోయింది. నిదానంగా కొంగు ముడి విప్పుకుంది.

"ఏటే, దేవుడికే అక్కర్లేదంటే, దీన్ని నాను వాసన సూస్తే తప్పు లేదు కదే?" అని చిన్నపిల్లలా నన్నడిగింది. లేదన్నాను. ఒక పువ్వు తుంచి ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. హారతి వేళ గుడిలో కూడా ఆ ముఖం అలా ఉండగా నేను చూడలేదు.

"ఇంత బాగుంటాదేటే," అంది కళ్ళు తెరిచి. "ఇన్నాళ్ళూ ఆయనొక్కడే సూసుకున్నాడన్నమాట." ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్నదంతా ఆశ్చర్యమే.

తీగ పీకలేదు. శివరాత్రికి ఎండ ముదిరి అదే వాడిపోయేదాకా, గుడి పూలు కోయడం అయ్యాక రోజూ ఆ గోడ దగ్గరకు వెళ్ళి నిలబడేది. ఎండిన కాయల్లోంచి గింజలు తనే ఏరి దాచి, మరుసటి దసరాకి నాకు చెప్పకుండానే నానబెట్టేసింది.

ఇప్పుడు నేను కుండీల్లో వేస్తున్నా, చలి పట్టుమని నెల్లాళ్ళు ఉండటం లేదు, నాలుగు పూలు పూసి సరి. గుడికి మాలలు బస్సులో వస్తున్నాయి. ఏ పువ్వు కనబడినా ముక్కు దగ్గర పెట్టుకుంటాను, కాదనేవాళ్ళెవరూ లేరు. బాగుంటుంది, అంతే. డెబ్బై ఏళ్ళు ఆగిన మనిషికి ఆ మొదటి పువ్వు ఎలా ఉండి ఉంటుందో మాత్రం ఈ జన్మకు నాకు తెలియదు.