ఐస్‌లాండ్ చట్టం, చిన్నమ్మ పెయ్య

మా కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు దేశాలను చీటీలు వేసి పంచాడు. డెబ్బైల నడిమి మాట. చీటీలో ఏ దేశం వస్తే ఆ దేశం చరిత్ర చదువుకొచ్చి, నెల తర్వాత క్లాసు ముందు అరగంట మాట్లాడాలి. ఇంట్లో అంబాసిడర్ కారున్నవాడికి ఫ్రాన్సు వచ్చింది. చౌరస్తాలో బట్టల దుకాణం ఉన్నవాడికి రష్యా వచ్చింది. తొక్కిన ప్రతి పదడుగులకూ చైను ఊడే సైకిలు మీద హసన్‌పర్తి అవతలి నుంచి వచ్చే నాకు ఐస్‌లాండ్ వచ్చింది. అవి నిజంగా చీటీలే అయితే నేను మొగలు చక్రవర్తిని.

క్లాసు నవ్విన నవ్వుకు వేయిస్తంభాల గుడిలో కనీసం నాలుగు స్తంభాలు కదిలి ఉంటాయి.

"ఐసుల చరిత్ర ఏముంటదిరా? ఎండకు కరుగుతది, చలికి గడ్డకడ్తది. రెండు ముక్కలు చెప్పి కూసో," అన్నాడు ఫ్రాన్సు.

ఆ కోపంతోనే లైబ్రరీకి పోయాను. ఐస్‌లాండ్ ఉన్న పుస్తకం ఒక్కటే ఉంది. దాన్ని దించడానికి ఇద్దరు, తెరవడానికి ముగ్గురు, దుమ్ము దులపడానికి అగ్నిమాపక దళం కావాలి. "ఇంటికియ్య. ఈడనే చదువుకో," అన్నాడు లైబ్రేరియన్. అంతకుముందు పాతికేళ్ళలో ఆ పుస్తకం అడిగినవాడు లేడు, అయినా ఇవ్వడట! పది రోజులు అక్కడే కూర్చుని రెండు నోటుబుక్కుల నిండా రాసుకున్నాను. వేళ్ళు బెండకాయల్లా వాచాయి.

అప్పుడు నేను చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన జ్వరంతో పోయి అయిదేళ్ళయింది. పిల్లల్లేరు. ఆమెకున్నదల్లా చెరువు కింద రెండెకరాల పొలం, ఒక ఆవు, దాని పెయ్య, ఊరవతలికి కూడా వినిపించే గొంతు. పక్క పొలం చిన్నాయన సొంత అన్నయ్యది, అంటే నాకు పెద్దనాయిన. ఆయన కోడి కంటే ముందే లేచి నాగలి కట్టేవాడు. కష్టజీవి అనుకునేరు. చీకటితో లేచేది దున్నడానికి కాదు, రెండు పొలాల నడుమ గట్టును చిన్నమ్మ వైపు ఇంకో బెత్తెడు జరపడానికి. మా ఊరికి వచ్చే బస్సు కూడా అంత క్రమంగా నడవలేదు. ఆ వరస చూస్తే మరో పదేళ్ళకు ఆ గట్టు చిన్నమ్మ పొయ్యి మీద కూర్చునేది.

అడిగితే నవ్వేవాడు. "గట్టు జరుగుడేందే? వానకు మన్ను జారుతది," అనేవాడు. ప్రపంచంలో మన్నంతా ఒకే వైపు జారే ఊరు మాదే. ఆ రెండెకరాలు పోతే చిన్నమ్మకు కూలికి పోవడం తప్ప దారి లేదని ఆయనకు తెలుసు. తెలిసే జరిపేవాడు.

చిన్నమ్మ వాకిట్లో వడ్లు చెరుగుతుంటే, క్లాసులో మాట్లాడవలసింది ఆమె ముందు చదివి ప్రాక్టీసు చేసుకునేవాణ్ణి. వెయ్యి సంవత్సరాల పైమాట, నార్వేలో ఒక రాజు అందరినీ తన కిందికి తెస్తుంటే, ఆ పెత్తనం పడని రైతులు పెళ్ళాం పిల్లల్నీ గొర్రెల్నీ ఆవుల్నీ పడవల్లో ఎక్కించుకుని సముద్రం మీద పడ్డారు. మొదట దిగిన ఆసామి తన ఇంట్లో యజమాని కూర్చునే పెద్దపీట స్తంభాలను నీళ్ళలోకి విసిరి, అవి ఏ ఒడ్డుకు చేరితే అక్కడే ఇల్లు కడతానన్నాడు. అవి ఎక్కడ తేలాయో వెతకమని బానిసలను పంపాడు. దొరకడానికి ఏళ్ళు పట్టింది.

"తను కూసుండి జీతగాళ్లను తోలిండా?" అంది చిన్నమ్మ. "అయితె మనోడే. సదువు."

"అక్కడ రాజు లేడు చిన్నమ్మా."

"మల్ల శిస్తు ఎవలికి కట్టిండ్రు?"

"ఎవలికి కట్టలే."

"పట్వారి?"

"పట్వారి గూడ లేడు."

చేట ఆగిపోయింది. మా ఊళ్ళో ఎవరి భూమి ఎవరిదో చెప్పేది పట్వారీ మూటలోని బుక్కు. తాతల నాటి నుంచి అది వాళ్ళింట్లోనే ఉంటుంది. ఉర్దూలో రాసి ఉంటుంది. అది ఎవరికీ చూపించరు. పట్వారీ లేని దేశం అంటే చిన్నమ్మకు ఆకాశం లేని దేశం అన్నట్టే.

"మల్ల ఎవని భూమి ఎవనిదో ఎట్ల ఎరుక?"

"కాయిదమే లేదు. ఒక పెద్దమనిషి చట్టమంత నోటికి పట్టేది. ఏడాదికోపారి ఊర్లన్ని ఒక మైదానంల జమైతె, ఆయన బండరాయి మీద నిలబడి గట్టిగ చెప్పేది. ఏడాదికి మూడోవంతు. మూడేండ్లల్ల మొత్తం. తప్పు చెప్తె తప్పని అనొచ్చు."

"అందరు వినేటట్టా?"

"అందరు వినేటట్టే."

ఆమె మళ్ళీ చేట అందుకుంది. ఆ తర్వాత కథ ఆమెకు నచ్చలేదు. మూడు వందల ఏళ్ళకు పెద్ద ఆసాములు తమలో తాము కొట్టుకుని, చివరికి ఆ నార్వే రాజు కిందికే పోయారని చదివితే, "ఏ రాజు పోరు పడక పోయిండ్రో మల్ల ఆ రాజు కాళ్లకాన్నే పడ్డరా! తూ!" అని నిజంగానే ఉమ్మింది. తర్వాత డెన్మార్కు వచ్చింది. తమ రాజు చెప్పిన వర్తకుడికి తప్ప ఇంకొకరికి చేపలు అమ్మకూడదంది. పక్క రేవులో అమ్ముకున్న ఒకణ్ణి కొరడాతో కొట్టించింది. ఆ పైన అగ్నిపర్వతం పేలింది, గడ్డి విషమైంది, గొర్రెలు చచ్చాయి, మనుషులు చచ్చారు. మొన్న మొన్న, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా మళ్ళీ ఎవరికీ చెందని దేశమైంది. నేను ఇదంతా ఆమెకు చదివి వినిపిస్తున్న రోజుల్లోనే రేడియోలో, తమ సముద్రంలో చేపలు పట్టే ఇంగ్లీషు పడవల వలలు ఐస్‌లాండ్ వాళ్ళు కోసేశారని వార్త వచ్చింది.

"సముద్రంల గట్టెట్ల పెట్టిండ్రు?" అంది.

"ఒడ్డు నుంచి గిన్ని మైళ్లని గీత గీసుకున్నరు."

"గా పడవలోడు దాటిండు. అంటె ఇంగ్లండోడు మీ పెద్దనాయిన." ఆమె అంతర్జాతీయ రాజకీయాలను ఒక్క వాక్యంలో తేల్చింది. మా లెక్చరరుకు ఏడాది పట్టింది, అయినా తేలలేదు.

ఇక పెయ్య చట్టం. అది ఆమెకు చెప్పింది నేనే, పాపం నాదే. కొత్తగా వచ్చిన ఆడమనిషి, వసంతకాలంలో ఒక రోజు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేలోపు రెండేళ్ళ పెయ్యను పట్టుకుని ఎంత నేల చుట్టి రాగలదో అంత నేల ఆమెది. నేను నవ్వించడానికి చదివాను. ఆమె నవ్వలేదు. కొట్టంలోకి చూసి, "మన పెయ్యకు మొన్ననే రెండేండ్లు నిండినయి," అంది.

ఉగాది దాటిన మూడో రోజు పొద్దున్నే ఆమె కొంగు నడుముకు చుట్టి, పెయ్య పగ్గం పట్టుకుని పొలానికి బయలుదేరింది. నేను నోటుబుక్కుతో వెనక. రెండు వైపులు గట్టు మీద బాగానే నడిచింది. యాసంగి వరికి నీళ్ళు పెడుతున్నవాళ్ళు పారలు ఆపి చూశారు. మూడో వైపు పెద్దనాయిన గట్టు వచ్చింది. ఆమె దాని మీదికి ఎక్కలేదు. నేరుగా పెద్దనాయిన వరిలోకి దిగింది.

"చిన్నమ్మా, గట్టు ఇటున్నది!"

"గట్టు నడిచింది. నేను నడువలే," అంది, వెనక్కి చూడకుండా. చిన్నాయన బతికుండగా గట్టు ఎక్కడ ఉండేదో అక్కడే, వరిలో గీత గీసినట్టు పోతోంది. పెయ్యకు మాత్రం ఐస్‌లాండ్ చరిత్ర పట్టలేదు. పాలు పోసుకున్న వరి కనపడగానే మెడ వంచింది. నా అంచనాలో అది ఆ రోజు ఒక మిల్లుకు సరిపడా మేసింది.

పెద్దనాయిన కర్ర పట్టుకుని వచ్చాడు. "ఎవలదే పెయ్య? నా వరిల ఎవలదే పెయ్య?"

"నీ తమ్మునిది బావా. నీ తమ్ముని పొలంల మేస్తాంది."

ఆయన పగ్గం గుంజుకుని పెయ్యను తీసుకుపోయి బందెలదొడ్డిలో వేయించాడు. పంట మేసిన పశువులను కట్టేసే చోటది. పశువును విడిపించాలంటే పొలం ఆసామికి దండుగ కట్టాలి.

మర్నాడు చావడిలో పట్వారీ కూర్చున్నాడు. పక్కన పట్వారీల పైన అధికారి గిర్దావరు కూడా ఉన్నాడు, వేరే పని మీద వచ్చినవాడు. అదే రోజు కాలేజీలో నా ఐస్‌లాండ్ వంతు. నేను పోలేదు. లెక్చరరు సున్నా వేశాడు. ఫ్రాన్సు ఫ్రాన్సు గురించి ఏడు నిమిషాలు మాట్లాడి ఫస్టు తెచ్చుకున్నాడు. సరే, ఆ మంట పక్కన పెడతాను.

"వరిల పడ్డది అందరు చూసిండ్రు. దండుగ కట్టి తోలుకపో," అన్నాడు పట్వారీ.

"ఎవల వరిల పడ్డది?" అంది చిన్నమ్మ.

"మీ బావ వరిల."

"గది ఎవల భూమో బుక్కు తీసి సదువు సారూ. గట్టిగ సదువు. అందరు వినాలె."

"ఉర్దూల ఉన్నది. నీకు సమజ్ గాదు."

"నాకు గాకుంటె మానె. గిర్దావరు సాబుకైతది గద."

చావడి ముందు జనం చేరారు. పట్వారీ ముఖం గంజి పెట్టిన పంచెలా బిగుసుకుంది. "ఎవలు నేర్పిండ్రమ్మా నీకు గీ చట్టం?"

"ఐసులాండోళ్లు."

జనం నవ్వారు. గిర్దావరు నవ్వలేదు. దావత్‌కు పిలవకపోయినా వచ్చి విస్తరి వేసుకున్నవాడిలా పట్వారీ చేతిలోంచి మూట తీసుకుని, విప్పి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. సర్వే నంబరు చదివాడు. రెండెకరాలన్నాడు. పట్టాదారు అని చిన్నాయన పేరు చదివాడు. చచ్చిపోయి అయిదేళ్ళయినా మార్చలేదు. తర్వాతి గడి దగ్గర ఆగాడు. భూమి చేసుకునేవారు అనే గడి అది. అక్కడ అయిదేళ్ళుగా పెద్దనాయిన పేరుంది. గట్టు పక్కన జరిపిన ముక్కకు కాదు. మొత్తం రెండెకరాలకు.

మేము బెత్తెడు బెత్తెడు పోతోందని ఏడుస్తుంటే, కాగితం మీద అంతా ఎప్పుడో పోయింది! నడుము విరిగేలా నాటు వేసింది ఆమె, కలుపు తీసింది ఆమె, రాత మాత్రం ఆయనది. ఆ బుక్కును పట్వారీతో సహా చెరువులో ముంచాలనిపించింది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ అనిపిస్తోంది.

"ఆడిమనిషి, సూసుకునేటోడు లేడు. ఇంటి భూమి పరాయి పాలు గావద్దని రాయిపిచ్చిన," అన్నాడు పెద్దనాయిన, ఏదో దానం చేసినవాడిలా.

"నేనేమన్న సచ్చిన్నా బావా?" అంది చిన్నమ్మ. ఆ ఒక్క మాట మామూలు గొంతుతో అంది. అది వినడానికి ఊరంతా ముందుకు వంగింది.

గిర్దావరు జనాన్ని అడిగాడు. "వ్యవసాయం ఎవలు చేస్తాండ్రు?"

అందరూ పెద్దనాయిన వైపు చూశారు. చిన్నమ్మతో నాట్లకు పోయే ఒకామె, "ఆమెనే సారు. అయిదేండ్ల సంది ఆమె పక్కపొంటి నాటేస్తాన, నాకెరుక గాదా," అంది. అప్పుడు అందరికీ నోళ్ళు వచ్చాయి. గిర్దావరు ఆ పేరు కొట్టేసి, ఆమె పేరు రాసి, పట్టా మార్పుకు అర్జీ రాయించి, గట్టు కొలతకు సర్వేయరును పంపిస్తానన్నాడు. "పెయ్యనిడువుండ్రి," అన్నాడు.

పట్వారీ మూట కట్టబోయాడు. "నాది గూడ సదువుండ్రి," అన్నాడు వెనక నుంచి ఒకడు. "నాది," అంది ఒకామె. మధ్యాహ్నం అన్నాలు మరిచి చదివించుకున్నారు. అన్నదమ్ములు ఇద్దరు అక్కడే చొక్కాలు చించుకున్నారు. ఒక ముసలాయన, తను చనిపోయినట్టు బుక్కులో ఉందని విని, ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టుకుని చూసుకున్నాడు.

పెయ్యను విడిపించుకుని ఇంటికి వస్తున్నాం. నా ఛాతీ అప్పటికి ఐస్‌లాండ్ అంత అయింది. "సూసినవా చిన్నమ్మా, నేను సదివిందె పనికొచ్చె," అన్నాను.

ఆమె నడిదారిలో ఆగిపోయింది.

"ఏం సదివినవ్ కొడుకా నువ్వు? యాడనో మంచుల వెయ్యేండ్ల కింద ఉన్నోళ్ల భూమి ఎవలిదో సదివినవ్. పది దినాలు రాసి రాసి వేళ్లు వాపిచ్చుకున్నవ్. నాలుగిండ్ల అవతల బుక్కున్నది. నా అన్నం తినుకుంట మూడేండ్ల సంది ఉన్నవ్. ఒక్కపారన్న పోయి, మా చిన్నమ్మ భూమి ఏమున్నది సూపియ్యుమని అడిగినవా? నేనైతె సదువురానిదాన్ని. నీకేమైందిరా?"

పెద్దనాయిన మీద, పట్వారీ మీద, లెక్చరరు మీద అంత కోపం మోసిన నాకు, ఆ కోపంలో నా వాటా కూడా ఉందని అప్పటిదాకా తోచలేదు.

మర్నాడు పట్వారీ అరుగు మీద కూర్చున్నాను. గిర్దావరు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు కనుక పట్వారీ బుక్కు తీయక తప్పలేదు. అతడు గొణుగుతూ ఉర్దూలో చదివాడు, గిర్దావరు చెప్పాడు, నేను తెలుగులో రాసుకున్నాను. దాహమైతే నీళ్ళు కూడా ఇవ్వలేదు. సర్వేయరు ఒక పంట ఆలస్యంగా వచ్చాడు. గట్టు వెనక్కి పోయింది, పోవలసినంత కాదు, మూడు పాళ్ళలో రెండు పాళ్ళు. మిగతాది వానకు మన్ను జారిందని సర్వేయరు కూడా రాశాడు.

పట్వారీ అరుగు మీద నేను రాసుకొచ్చిన కాగితాన్ని చిన్నమ్మ ఆ రోజు సాయంత్రమే మూడుసార్లు చదివించుకుంది. నంబరు, విస్తీర్ణం, తూర్పున ఎవరు, పడమర ఎవరు, పట్టాదారు, చేసుకునేవారు. నాలుగోసారి నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనే చెప్పింది, ఒక్క అక్షరం పోకుండా. మరుసటి ఏడు పట్వారీ పంటలు రాసుకోవడానికి వచ్చినప్పుడు ఆమె పొలంలో నిలబడి, అతడు బుక్కు తెరవకముందే మొత్తం నోటితో చెప్పేసింది. పక్క పొలంలో పెద్దనాయిన వింటున్నాడు. పట్వారీ బుక్కులో వేలు పెట్టి గడి గడీ సరిచూసుకున్నాడు. ఒకచోట బుక్కులోనే తప్పుంది. అతడు కలం తీసి దిద్దుకునేదాకా ఆమె అతణ్ణి అక్కణ్ణుంచి కదలనియ్యలేదు.