వీపు లేని గౌను

పారిస్‌లో ఎవరో పేరుమోసిన దర్జీ గీసిన గౌను బొమ్మను నేను అబిడ్స్‌లో, మా కుట్టు దుకాణంలో చూశాను. నిజాం నాణేలు ఇంకా చెల్లుతున్న రోజులవి. అప్పటికి మూడేళ్లుగా అక్కడ కాజాలు కుడుతున్నాను. కత్తెర మాత్రం మాస్టర్‌దే, ఆడవాళ్లు ముట్టుకోకూడదు. ఎందుకని అడిగితే రివాజు అనేవాడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

బొమ్మ తెచ్చింది నాంపల్లిలో మా చర్చిలో పియానో వాయించే టీచరమ్మ. ఫ్రాన్సులో ఉన్న చెల్లెలు పంపిందట. పిడికెడు నడుము, తాడిచెట్టంత కాళ్లు, కాగితం మూలన గుండుసూదితో గుచ్చిన నీలం పట్టు ముక్క. అలాంటి పట్టు తనే కొని తెచ్చింది, క్రిస్మస్‌కు కుట్టివ్వమంది.

ఆమె వెళ్లాక మాస్టర్ బొమ్మంతా చూసి, కాగితం తిరగేశాడు. వెనక తెల్లగా ఉంది.

"ముంగటిదే గీసిండు. ఎన్కది సాదాగ కుట్టేద్దాం. ఎవ్వరు జూస్తరు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చర్చిల మేం జూసేది గదే మాస్టర్ సాబ్! ఆమె మాకు వీపు వెట్టి కూసుంటది. సాదాగ కుడితె చేతులు చాపంగనే పిగులుతది. నేను కత్తిరిస్త."

"పట్టు ఖరాబైతే?"

"రేపటి సంది పనికి రాను. గంతే గద!"

గంతే అన్నాను గానీ, మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కాజాల వల్లే. అయినా చేయి చాచాను. ఆయన ఇవ్వలేదు. బల్ల మీది కత్తెర నేనే తీసుకున్నాను.

ముందు భాగం బొమ్మలో ఉన్నట్టే ఆయన కత్తిరించాడు. వెనక భాగం నేను కత్తిరించాను. భుజాల కింద రెండు మడతలు వదిలాను. మెడ నుంచి నడుము దాకా పట్టు చుట్టిన గుండీలు పెట్టాను. నాకు అప్పగించిన పని కాజాలేగా, వాటినే వీపు పొడవునా చూపించాను.

క్రిస్మస్ నాడు టీచరమ్మ పియానో ఈ కొస నుంచి ఆ కొసకు చేతులు చాపింది. మడతలు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి. ఒక్క కుట్టూ పిగలలేదు. అందరూ పాడుతుంటే నేను ఆ వీపే చూస్తూ నిలబడ్డాను. దేవుడు క్షమించాలి.

పండగ అయ్యాక ఆమె దుకాణానికి వచ్చింది. "అందరు గౌను ఎన్కభాగం గురించే అడిగిన్రు. బొమ్మల లేదు గద, ఎవరు చేసిన్రు?"

మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "మా దుకాణంలనే..."

"నేను" అన్నాను.

ఆయన కాదనలేదు. మర్నాడు నేను కాజాల పీట మీద కూర్చోలేదు. కత్తెర తీసుకుని కత్తిరించే బల్ల దగ్గర నిలబడ్డాను. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.