బాణం గుర్తుల మాష్టారు

మా కృష్ణానగర్‌లో వెంకటరామయ్య మాష్టారికి ఏ కబురూ మామూలుగా చెప్పలేం. "మీకెవరు చెప్పారండీ? ఫోన్లోనా, ఎదురుగానా? మీరెవరికి చెప్పారు?" అని మూడు ప్రశ్నలు వేసి, నోటుబుక్కులో పేర్లు రాసి, మధ్యన బాణం గుర్తులు గీస్తారు. పాలు విరిగాయని చెప్పినా రెండు బాణాలు పడతాయి.

ఆయన యూనివర్సిటీలో సమాచారశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేనేమో ఏడో తరగతితో ఆపి సినిమా బట్టలు కుట్టేదాన్ని. అదేం చదువని ఓసారి అడిగాను.

"లైబ్రరీవాళ్లు పుస్తకాన్ని చూస్తారమ్మా నవతా. కంప్యూటరువాళ్లు మిషన్ని, సమాజశాస్త్రంవాళ్లు మనిషిని చూస్తారు. కబురు ఈ మూడింటి మధ్యా తిరుగుతుంది. మేం దాని వెనకాల తిరుగుతాం."

"గట్ల తిరిగితే గల్లీల పిచ్చోడంటరు సార్."

"ఎవరంటారు?" పెన్ను తీశారు.

మొన్న జూనియర్ ఆర్టిస్టు శకుంతలమ్మకు పన్నెండు రోజులు షూటింగు పిలుపే లేదు. రోజూ తెల్లారేసరికి తయారై గుమ్మంలో కూర్చునేది. చివరికి ఆర్టిస్టుల్ని పంపే ఓదెలు దగ్గరికే వెళ్లింది. ఆమెను చూసి అతను కుర్చీ ఎక్కాడు.

"ఏందమ్మా, నువ్వు సచ్చిపోయినవ్ గదా! నంబరు గూడ తీసేసిన!"

అతని ఫోన్లో ఆమె ఫొటో, ఫొటోకి దండ. అది సినిమాలో హీరోగారి చనిపోయిన తల్లి ఫొటోగా సెట్లో గోడకు తగిలించింది. ఎవరో ఫోనులో తీసి గ్రూపులో పెట్టారు. సినిమావాళ్లంతా వరసగా దణ్ణాలు పెట్టేశారు.

మాష్టారు ఆమెను వెంటబెట్టుకుని ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మూడు ప్రశ్నలతో తిరిగారు. ప్రతివాడి ఎదుటా ఆమెకు టీ ఇప్పించి, "మీరెవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇప్పుడే చెప్పండి. బతికే ఉంది, నా ముందే టీ తాగుతోందని!" అనేవారు. నాలుగు రోజుల్లో ఆమె ముప్పై రెండు టీలు తాగింది.

చివరి బాణం నా గుమ్మానికొచ్చింది. ఆయన ఒక్కరే వచ్చారు.

"మీకెవరు పంపారమ్మా?"

సూది వేలికి దిగింది. "ఎవ్వరు పంపలే సార్. నేనే తీసిన. ఆ చీర నేనే కట్టిన. మహాలక్ష్మి లెక్కుందని గ్రూపుల పెట్టిన. అందరు దండాలు పెడితే లక్ష్మికే అనుకున్న."

"ఆ మాట కింద రాయొచ్చుగా?"

"టైపు చేసుడు రాదు సార్."

ఆయన ఏదో రాసుకుంటుంటే శకుంతలమ్మ పరుగున వచ్చింది. "సార్! ఓదెలు పిలిచిండు, రేపు పెండ్లి సీను! ఇంతకీ నన్ను సంపినోళ్లెవరు? జుట్టు పీకుతా!"

నేను జుట్టు ముడేసుకున్నాను. మాష్టారు పుస్తకం చూపించారు. నా పేరుండాల్సిన చోట, 'చీరకట్టు చూసి మురిసిపోయిన మనిషి' అని ఉంది.

ఆమె రెండుసార్లు చదువుకుంది. "మంచామెనే ఉన్నట్టుంది పో. నవతా, రేపు గూడ చీర నువ్వే కట్టు. మంచిగ ఫొటో తియ్యి."

"కడతా అక్కా," అన్నాను. "ఫొటో సార్ తీస్తరు."