వాలులో పాదాలు

సైకిలు మీద దిగుడు దిగే మనిషి కనబడితే ఇప్పటికీ నా చూపు ముందు అతని పాదాల మీదికి పోతుంది. జమ్మలమడుగు నుంచి గండికోట పోయే బస్సులో వచ్చిన అలవాటిది.

నా పక్కన ఒక పాస్టరు, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన గేర్ల సైకిలు బస్సు టాప్ మీద ఉంది. పైన చప్పుడైనప్పుడల్లా తల ఎత్తి చూసేవాడు.

"ఈపొద్దు కూడా పడినాడంటే దాన్ని అమ్మేస్తా అన్నా," అంది ఆమె నాతో. "రాళ్ల దావలో శానాసార్లు పడినాడు."

"పడేదానికి కారణం మన అలవాటే అప్పా," అన్నాడాయన నాతో. "దిగుడొస్తే తొక్కేది మాని, ఒక కాలు కిందికి చాపి కూర్చుంటాం గదా. ఆ కింది పెడలు రాయికి తగిలి మనిషిని ఎగరేస్తాది."

పెడళ్లు రెండూ ఒకే ఎత్తున ఉంచాలట, మడమలు కిందికి వంచాలట. బస్సు నేలమీద ఒక పాదం ముందు, ఒకటి వెనక పెట్టి చూపించాడు. గతుకు వచ్చిన ప్రతిసారీ మడమలు వంచాడు.

"ఏమయ్యా, బస్సు నువ్వే తోల్తాండావా?" అందామె.

వాళ్లు దిగి, టాప్ మీంచి సైకిలు దించుకున్న చోట బస్సు కాసేపు ఆగింది. రోడ్డు నుంచి చర్చి దాకా రాళ్ల వాలు. ఆయన సైకిలెక్కి, సీటు మీంచి కొంచెం లేచి, పాదాలు సమంగా నిలిపి, సైకిలును వాలులోకి వదిలాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సైకిలు ఎగిరింది, ఊగింది, పడలేదు. చర్చి గోడ దగ్గర ఆగి ఆయన బెల్లు కొట్టాడు.

ఆమె కిటికీలో ఉన్న నా వైపు తిరిగింది.

"ఇంగ ఈయన సైకిలు దిగడు. వచ్చే వారం బస్సులో నేనొక్కదాన్నే రావాల అన్నా," అంది.