మెట్ల మీద కాజాలు

మా పిన్ని టైలరు కొట్లో చొక్కాలకు కాజాలు కుడుతుంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి, చావు తప్పించుకుని ఇల్లు చేరాక, మూడో అంతస్తులోని తమ వాటాకు ఎక్కుతూ ప్రతి మలుపులోనూ కూర్చుని ఓ కాజా కుట్టేది. మెట్ల మీద కూడా ఆవిడ చెయ్యి ఊరుకోదని బాబాయి అందరికీ గొప్పలు చెప్పుకున్నాడు. ఉత్తినే కూర్చుంటే మాత్రం ఆయనే "ఏంటి, బద్ధకమా?" అనేవాడు. ఆ మాట పడలేకే ఆవిడ సూది తీసేది. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

పిన్ని తమ్ముడు, మా మామయ్య, అదే కొట్లో కటింగ్ మాస్టరు. అతనికీ అదే జబ్బు చేసింది. నయమయ్యాక ఒకసారి సైకిలు తొక్కితే ఆయాసం వచ్చిందన్నాడు. అంతే, డాక్టరుగారు కుర్చీలోంచి లేచి మరీ గుండెకీ ఊపిరితిత్తులకీ స్కానింగులు రాశాడు. ఏమీ లేదని తేలింది. అదే ఆయాసం పిన్ని చెబితే, "మెట్ల మీద కూర్చుని కుట్టేంత ఓపిక ఉందటగా! ఇది మనసులో బెంగమ్మా. కాస్త ఒళ్ళు తగ్గించండి" అని సెలవిచ్చాడు, మహానుభావుడు. పక్కన బాబాయి తలూపాడు. ఆ తలకి ఇంకో పని రాదు.

మామయ్య మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే పిన్ని తోడు వెళ్ళింది. ఆ వేళ ఆసుపత్రిలో లిఫ్టు పాడైంది. మామయ్య ఈలేసుకుంటూ ఎక్కేశాడు. తమ్ముడికి ఆలస్యమవుతుందని పిన్ని ఎక్కడా ఆగకుండా ఎక్కి, డాక్టరు గది గుమ్మంలో కూలబడింది. డాక్టరు పరుగెత్తుకొచ్చి మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "మీకేం కాలేదుగా?"

అప్పుడు తీశారు స్కానింగు. పాత గడ్డలు రక్తనాళాల్లో గట్టిపడి ఉండిపోయాయట. గుండె బాగా అలిసిపోయిందట. పెద్ద ఆపరేషను చెయ్యాలట, ఇంత ఆలస్యమయ్యాక తట్టుకుంటుందో లేదో చెప్పలేరట. "ఇది ఆడవాళ్ళలో ఎక్కువగానే చూస్తుంటాం" అని కూడా అన్నాడు. తెలిసుండీ బెంగ అన్నాడే! నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి మాత్రం పిన్నినే విసుక్కున్నాడు, "ముందే గట్టిగా చెప్పొచ్చుగా!"

ఇంటికొచ్చేటప్పుడు పిన్ని మొదటి మలుపులో కూర్చుంది. కుట్టు సంచీ తెరవలేదు. పై వాటా ఆవిడ దిగుతూ నవ్వింది.

"ఏంటండీ, ఇవాళ కాజాలు లేవా?"

"ఆయాసంగా ఉందండీ," అంది పిన్ని, బాబాయి మొహంలోకే చూస్తూ.

"నలుగురూ వింటారు, లే," అన్నాడు బాబాయి.

పిన్ని లేవలేదు.